నిప్పు సోకిన నూలుబట్ట

ఒక నూలుపోగును చిక్కని ఉప్పునీటిలో రెండుమూడు మారులు నానవేసి ఆరబెట్టి, దాని కొనకు తేలికపాటి ఉంగరమును వ్రేలాడదీసి నిప్పంటించుట పిల్లలకు తెలిసిన వినోదమే. పోగు కాలును, ఉంగరము మాత్రము క్రింద పడదు. ఉప్పు తగులని పోగునకు ఇట్లే ఉంగరము కట్టి అంటించినచో, మంట ప్రాకిన మరుక్షణమే పోగు తెగి ఉంగరము నేలపై మ్రోగును. రెండును ఒకే కండెలోని పోగులే. రెండింటికి అంటించినదియు ఒకే నిప్పు. భేదమంతయు చిటికెడు ఉప్పులో ఉన్నది.

నూలుబట్ట నిప్పులో పడినపుడు ఏమగును? దానిలో ఇంకిన కొద్దిపాటి లవణము ఆ గతిని ఎట్లు మార్చును? ఈ ప్రశ్నలకు సమాధానము వెదకుటలో మనుష్యులు రెండువందల యేండ్లకు పైగా శ్రమించిరి. ఆ శ్రమ వినోదము కొరకు జరిగినది కాదు. దాని వెనుక తగులబడిన నాటకశాలలు, దుస్తులంటుకొని మరణించిన స్త్రీలు, రాత్రి అంగీలతో నిప్పు దగ్గరకు పోయిన పసిబిడ్డలు ఉన్నారు. ఆ చరిత్రను, దానినుండి తేలిన శాస్త్రమును క్లుప్తముగా చెప్పుట ఈ ప్రసంగములో మా ఉద్దేశము.

పూర్వము ఐరోపా నాటకశాలలలో తెరలన్నియు నారబట్టలే. వెలుతురంతయు క్రొవ్వొత్తులదియు నూనెదీపములదియు. ఈ రెండింటి పొత్తు ఎంతటి ప్రమాదకరమో వేరుగ చెప్పనక్కరలేదు. 1638లో ఇటలీ దేశస్థుడగు నికోలా సబ్బాతీని నాటకరంగ నిర్మాణమును గురించి వ్రాసిన గ్రంథములో, తెరలకు పూయు రంగులలో మన్నును జిప్సమును కలుపుట మంచిదని సూచించెను. అది పైపూత మాత్రమే. బట్టలోనికి ఇంకు మందును మొదట పేటెంటు చేసినవాడు ఇంగ్లండులోని ఒబడయా వైల్డు. 1735లో ఆయన కాగితము, నారబట్ట, కాన్వాసు మండకుండ చేయుటకు మూడు ద్రవ్యములను చెప్పెను: పటిక, వెలిగారము, అన్నభేది.

ఈ పేర్లు మనకు కొత్తవి కావు. మూడును మన పచారీ అంగళ్ళలో దొరకు సరకులే. కలంకారీ అద్దకము చేయువారికి పటిక రంగును బట్టలో నిలుపు ద్రవ్యము. కంసాలి అతుకు వేయునపుడు చల్లు వెలిగారము కరిగి గాజువలె లోహమును కప్పుట మనలో అనేకులు చూచియే ఉందురు. 1783లో ఫ్రాన్సు దేశమున మోంగోల్ఫియే సోదరులు వేడిగాలితో ఎగురవేసిన బెలూను గుడ్డకు కూడ పటిక పట్టించిరి. అయితే వీనిలో ఏది ఎందుకు పనిచేయునో అప్పటికి ఎవరును విచారింపలేదు.

ఆ విచారణ చేసినవాడు వాయువులను గూర్చిన పరిశోధనలచే ప్రసిద్ధుడైన జోసెఫ్ లూయీ గే-లుసాక్. నాటకశాలల తెరలను అగ్నిభయమునుండి కాపాడు ఉపాయము కావలెనని ఫ్రాన్సు రాజు 18వ లూయీ ఆయనను కోరెను. 1821లో ఆయన ఫలితములను ప్రకటించెను. నారబట్టను, జనపనారబట్టను పలు లవణముల ద్రావణములలో ముంచి, ఆరబెట్టి, కాల్చి చూచెను. మంటను బాగుగ అడ్డుకొన్నవి రెండు తరగతుల లవణములని ఆయన తేల్చెను. మొదటి తరగతివి వెలిగారమువలె కరిగి పోగుల చుట్టును గాజుపొరగా ఏర్పడి గాలి తగులనీయవు. రెండవ తరగతివి నవాసాగరము మొదలగు అమోనియా లవణములు. ఇవి వేడికి విడిపోయి మండని వాయువులను వెలువరించి, మండు ఆవిరులను పలుచన చేయును. ఒక్కొక్క దానికంటె అమోనియం ఫాస్ఫేటు, నవాసాగరము, వెలిగారము కలిపినచో ఫలము అధికమని కూడ ఆయన చూపెను. ఈ నిర్ణయము శాస్త్రరీత్యా చాల దూరము సరియైనదే. కాని సగము సత్యము ఇంకను మరుగుననే ఉండెను. దానిని తరువాత చెప్పెదము.

ఉపాయము తెలిసినది గదా, ఇక ప్రమాదములు తగ్గవలెను. జరిగినది అట్లు కాదు. 19వ శతాబ్ది నడుమ ఐరోపా, అమెరికా స్త్రీల వేషములో క్రినోలీను అను ఉక్కుకడ్డీల చట్రము ప్రవేశించినది. దానిమీద గొడుగువలె విచ్చుకొనిన పలుచని మస్లిను, వలబట్ట పావడాలు. బట్ట పలుచన, లోపల కావలసినంత గాలి, ఇంటిలో తెరచియున్న అగ్గిగూడు. ఒక్క నిప్పురవ్వ చాలును. అమెరికా కవి లాంగ్‌ఫెలో భార్య ఫ్రాన్సెస్ 1861 జూలై 9వ తేదీన ఇంటిలోనే దుస్తులంటుకొని మరునాడు మరణించెను. మంటలార్పబోయిన కవికి కూడ ముఖము, చేతులు కాలెను. అటుపిమ్మట ఆయన పెంచిన గడ్డము ఆ గాయముల గురుతే.

ఇంగ్లండులో విక్టోరియా రాణి ఈ విషయమున శ్రద్ధ వహింపగా, ఫ్రెడరిక్ వర్స్‌మన్, ఆల్ఫన్స్ ఓపెన్‌హైం అను ఇద్దరు రసాయనజ్ఞులు పలు లవణములను మస్లినుమీద పరీక్షించి, 1859లో ఫలితములను చదివిరి. వీరి ప్రయోగములలో మేము మెచ్చుకొనునది ఒకటి ఉన్నది. బట్ట మండుచున్నదా లేదా అని మాత్రమే వీరు చూడలేదు. చాకలి గంజి పెట్టినపుడు ఏమగును, ఇస్త్రీపెట్టె తగిలినపుడు ఏమగును అని కూడ చూచిరి. అమోనియం సల్ఫేటు మంటను బాగుగ ఆపును, చవుక కూడ. కాని ఇస్త్రీ వేడికి చెడిపోవును. సోడియం టంగ్‌స్టేటు ఒక్కటే ఇస్త్రీకి ఓర్చుకొని బట్టను నునుపుగా ఉంచును. కనుక ఇస్త్రీ చేయవలసిన సన్నబట్టలకు దానిని గంజిలో కలుపవలెనని వీరు చెప్పిరి. అయినను ఒక లోపము మిగిలినది. ఈ లవణములన్నియు నీటిలో కరగునవి. ఒక్క ఉతుకుతో బట్ట మరల మొదటికి వచ్చును.

అదే కాలమున పారిస్‌లో కార్తెరోన్ అను నాతడు నాటకదుస్తులకు మందు పట్టించు పద్ధతిని రూపొందించెను. 1859లో ప్రభుత్వము దానిని నాటకశాలలకు విధించెను కూడ. నర్తకీమణులు సమ్మతింపలేదు. మందు పట్టించిన బట్ట బిరుసెక్కును, మాసినట్లు కనబడును, నాట్యములో తేలియాడదు అని వారి అభ్యంతరము. పారిస్ ఆపెరాలో ప్రధాన నర్తకి ఎమ్మా లివ్రీ, మందు లేని దుస్తులతోనే ఆడుదునని, బాధ్యత తనదేనని 1860లో వ్రాసి ఇచ్చెను. 1862 నవంబరు 15వ తేదీన ఒక నాటకపు అభ్యాసములో గ్యాసుదీపము ఆమె పావడాకు తగిలినది. ఎనిమిది నెలలు బాధపడి 1863 జూలైలో ఆమె మరణించెను. అప్పటికి ఆమె వయస్సు ఇరువదియొక్క సంవత్సరములకు మించదు. ఆనాటి ఆమె దుస్తులలో మిగిలిన పేలికలు పారిస్ ఆపెరా వస్తుసంగ్రహములో భద్రపరుపబడినవి. ఆమెను అవివేకియని నిందించుట సులభము. కాని తన కళకు పనికిరాని రక్షణను ఆమె కాదన్నదని కూడ మనము గుర్తింపవలెను. చేతికి బిరుసుగను, కంటికి వెలవెలగను ఉన్న మందు ఎంత మంచిదైనను ఒంటిమీదికి రాదు.

ఈ సంగతిని సంపూర్ణముగ గ్రహించినవాడు మాంచెస్టరులోని విలియం హెన్రీ పెర్కిన్. 1856లో మొదటి కృత్రిమమైన ఊదారంగును కనిపెట్టిన పెర్కిన్‌కు ఈయన కుమారుడు. 20వ శతాబ్ది ఆరంభమున ఇంగ్లండులో ఫ్లానెలెట్ అను నూగు లేపిన చవుక నూలుబట్ట పేదయిండ్ల పిల్లలకు రాత్రి అంగీగా ఉండెను. ఉన్నివలె వెచ్చగా ఉండును. ఉన్నివలె కాక, నూగుమీద మంట క్షణములో ప్రాకును. పెర్కిన్ పని ఆరంభించునపుడే కొన్ని నియమములను పెట్టుకొనెను. మందు బట్ట మెత్తదనమును, రంగును చెరుపరాదు. ఒంటికి హాని చేయరాదు. సబ్బుతో పలుమారులు ఉతికినను పోరాదు. వెల తక్కువగా ఉండవలెను. పెక్కు ప్రయోగముల మీదట ఆయన బట్టను మొదట సోడియం స్టానేటులోను, ఆరబెట్టిన పిదప అమోనియం సల్ఫేటులోను ముంచెను. అప్పుడు నీటిలో కరగని తగరపు ఆక్సైడు పోగులలోనే ఏర్పడి నిలిచెను. 'నాన్-ఫ్లామ్' అను పేర ఆ బట్ట అంగళ్ళకు వచ్చెను. 1912లో న్యూయార్కులో జరిగిన అంతర్జాతీయ రసాయన సభలో ఆయన ఈ పరిశోధనను వివరించెను. మండదని చెప్పి మండు బట్టను అమ్మరాదని 1913లో బ్రిటిషు పార్లమెంటు చట్టము చేసెను. అయితే ఫ్లానెలెట్ కొనువారు పేదలు. మందుపై పడు స్వల్పమైన అదనపు వెలయే వారికి గోడవలె అడ్డము.

ఇంతవరకు చెప్పినది అనుభవము చేత తెలిసిన విద్య. బట్టలో జరుగు మార్పు ఎట్టిదో తెలియుటకు మనము కొంచెము వెనుకకు పోవలెను. 1838లో ఫ్రెంచి రసాయనజ్ఞుడు ఆన్సెల్మ్ పయెన్, చెట్టుచేమలలో గట్టిదనమిచ్చు పదార్థమును వేరుచేసెను. దానికే సెల్యులోజు అని పేరు. దూది దాదాపు పరిశుద్ధమైన సెల్యులోజు. అన్నములోని పిండిపదార్థమువలెనే ఇదియు గ్లూకోజు చక్కెర తునకల గొలుసు. తునకలను కూర్చిన తీరు మాత్రము వేరు. ఒక్కొక్క గొలుసులో తునకలు వేలకొలది ఉండును. 1918లో జెనీవాలో పిక్తె, సారసిన్ అనువారు గాలి తీసివేసిన పాత్రలో సెల్యులోజును వేడిచేసి, లీవోగ్లూకోజాన్ అను తెల్లని పలుకుల పదార్థమును రాబట్టిరి. గొలుసు వేడికి తెగి, ఒక్కొక్క తునక నీటిపాలు కోల్పోయి విడివడగా వచ్చిన వస్తువే ఇది.

దీనితో రహస్యము విడినది. బట్ట మండుచున్నది అని మనము అందుము గాని, నిజమునకు మంటలో మండునది బట్ట కాదు. దీపములో వత్తి నూనెను పైకి తెచ్చి ఆవిరి చేయునట్లే, వేడెక్కిన బట్ట తన గొలుసులను తెంచి లీవోగ్లూకోజాన్ మొదలగు ఆవిరులను వెలువరించును. ఆ ఆవిరులు గాలిలో కలిసి మండును. ఆ మంట వేడికి ప్రక్కనున్న బట్ట మరల ఆవిరి యగును. మంట తన కట్టెలను తానే నరుకుకొనుచు ముందునకు సాగును.

కాని సెల్యులోజుకు మరొక మార్గము కూడ ఉన్నది. లెక్క చూతము. సెల్యులోజు 162 గ్రాములు తీసికొనినచో, దానిలో కార్బను 72 గ్రాములు, తక్కినది హైడ్రోజను, ఆక్సిజను. ఆ రెండును సరిగా నీరగు నిష్పత్తిలోనే ఉన్నవి. కనుక ఆ 162 గ్రాములు 90 గ్రాముల నీరుగా, 72 గ్రాముల బొగ్గుగా విడిపోవుటకు లెక్కలో అడ్డు లేదు. నీటియావిరి మండదు. బొగ్గు ఆవిరి కాదు. ఈ మార్గమున నడచిన బట్ట నల్లబడి మాడును గాని మంటను ముందునకు పంపదు. మందు లేని నూలుబట్ట త్వరగా కాలినపుడు మొదటి మార్గమునే అధికముగ పట్టి, చివరకు మిగుల్చు బొగ్గు బహుస్వల్పము. ఫాస్ఫేటు వంటి లవణములు వేడికి ఆమ్లములుగా మారి, గొలుసు తెగుటకు ముందే దానినుండి నీటిని లాగి వేసి రెండవ మార్గమునకు త్రిప్పును. లెక్కలోని 72 గ్రాములకు చేరకపోయినను, మిగులు బొగ్గు ఎన్నో రెట్లు పెరుగును. గే-లుసాక్‌కు మరుగున పడిన సగము సత్యము ఇదియే.

ఇందులో ఒక వింత ఉన్నది. మందు పట్టిన బట్ట ఆలస్యముగ చెడునని మనము అనుకొందుము. అది నిజము కాదు. శుద్ధమైన నూలు ముఖ్యముగ 300 నుండి 400 డిగ్రీల నడుమ విడిపోవును. ఫాస్ఫేటు పట్టిన నూలు అంతకంటె తక్కువ వేడికే మాడుట మొదలుపెట్టును. ముందుగ చెడుట చేతనే అది మంటను తప్పించును. మందు బట్టను కాపాడదు. బట్టను ధరించినవారిని కాపాడును.

అయితే అన్ని లవణములును ఒకే దారి కావు. మంట లేక లోలోన కుములు నిప్పు వేరొక శత్రువు. చకుముకి దూదిని, ఫిరంగి వత్తిని సురేకారములో నానవేయుట పూర్వులెరిగిన విద్య. సురేకారము ఆ నిప్పును ఆరనీయదు. దానిలోని పొటాసియమునకు బొగ్గును రాజవేయు గుణము ఉన్నది. ముడిదూదిలో నూటికి ఒక పాలు వరకు ఖనిజములు సహజముగనే ఉండును. పొటాసియము వానిలో ముఖ్యము. సజల ఆమ్లముతో కడిగి వానిని తొలగించినచో, కాల్చినపుడు లీవోగ్లూకోజాన్ అధికముగ వచ్చును. మరల ఆ లవణమును నూటికి ఒకటికంటె తక్కువపాలు చేర్చినను బొగ్గు పెరుగును. వెలిగారము మంటను ఆపును గాని కుములు నిప్పును ఆపజాలదు. బోరిక్ ఆమ్లము దానిని ఆపును. కనుకనే ఈ రెండింటిని కలిపి వాడుట, దూదిపరుపులకు బోరిక్ ఆమ్లము పట్టించుట వాడుకలోనికి వచ్చెను. పైన నీరు చల్లి ఆర్పిన పరుపు కొన్ని గంటలకు మరల పొగలు చిమ్ముట చూచినవారికి దీని విలువ తెలియును.

ఇక మరొక ప్రశ్న. ఒకే సెల్యులోజుతో చేసిన దూదియు, మర్రేయానును ఒకేరీతిని కాలవేల? ఇక్కడ లవణము సంగతి కాదు, గొలుసుల అమరిక సంగతి. 1913లో జపానులో నిషికావా, ఓనో అనువారు నారలగుండ ఎక్స్-కిరణములను పంపి, స్ఫటికములనుండి వచ్చునట్టి క్రమమైన చుక్కలను చూచిరి. అనగా నారలో గొలుసులు కొన్నిచోట్ల స్ఫటికమువలె వరుసదీరి ఉన్నవి. కొన్నిచోట్ల చెదరి ఉన్నవి. కట్టగా బిగించిన చీపురుపుల్లలను, విప్పి పరచిన పుల్లలను తలచుకొనినచో ఈ భేదము తేటపడును. దూదిలో సుమారు మూడింట రెండు వంతులు బిగిసిన భాగమే. రేయానులో అది చాల తక్కువ. 1844లో లాంకషైరుకు చెందిన జాన్ మెర్సర్, నూలుగుడ్డతో దాహక సోడాను వడకట్టుచుండగా గుడ్డ ముడుచుకొని దళసరి యగుట గమనించెను. 1850లో ఆ పద్ధతికి పేటెంటు పొందెను. మన దారపురీళ్ళమీద, ధోవతులమీద కనబడు 'మెర్సరైజ్డు' అను మాట ఆయన పేరే. సోడా తగిలినపుడు బిగిసిన కట్టలు కొంత సడలును.

వేడి సోకినపుడు చెదరిన భాగములు ముందుగ విడిపోవును. అక్కడ నీరు సులభముగ ఊడి బొగ్గు ఏర్పడును. బిగిసిన భాగములు ఎక్కువ వేడి వరకు ఓర్చుకొనును; ఓర్పు తీరిన పిదప గొలుసులు తెగి ఎక్కువపాలు లీవోగ్లూకోజాన్‌గా మారును. 1973లో బాష్, లెవిన్ అను పరిశోధకులు పలు నూలు, రేయాను నారలను కాల్చి, నారలోని సూక్ష్మమైన అమరికకు, అది విడిపోవు తీరునకు గల సంబంధమును వివరించిరి. ఇంకొక విశేషము: నీటిలో కరిగిన మందు చెదరిన భాగములలోనికే చొరబడగలదు, బిగిసిన కట్టలలోనికి పోలేదు. వైల్డు కాలమునుండి పట్టించిన మందులన్నియు ఈ సందులలోనే నివసించినవి. మందు గుణము, నార అమరిక అను రెండింటిని కలిపి చూడనిదే బట్ట గతిని చెప్పుట సాధ్యము కాదు.

బొగ్గు మార్గము నాశనమునకే కాదు, నిర్మాణమునకును పనికివచ్చెను. 1879లో ఎడిసన్ విద్యుద్దీపములో వెలిగిన తీగ మాడ్చిన నూలుపోగు. 1958లో అమెరికాలో రోజర్ బేకన్ కనిపెట్టిన బలమైన కార్బను నారల పిమ్మట, రేయానును క్రమముగ మాడ్చి కార్బను నారలు చేయు పరిశ్రమ పెరిగినది. బట్టను కాపాడుటకు నేర్చిన విద్య అక్కడను పనికివచ్చినది.

బట్టల విషయములో 1950వ దశకమున న్యూ ఆర్లియన్స్ పరిశోధనాలయములో రీవ్స్, గథ్రీ అనువారు భాస్వరము గల ఒక సమ్మేళనమును నూలులోనే గట్టిపడునట్లు చేసి, ఉతుకులకు ఓర్చు మందును సాధించిరి. పెర్కిన్ కల కొంత ఫలించెను. కాని ఆయన పెట్టుకొనిన నియమములలో ఒకదానిని మరచినందుకు తరువాత శిక్ష తప్పలేదు. అమెరికాలో పిల్లల రాత్రిదుస్తులు మండరాదని 1970వ దశకమున నియమములు రాగా, కృత్రిమ నారబట్టలకు 'ట్రిస్' అను మందు పట్టించిరి. అది జీవకణముల వారసత్వ ద్రవ్యమును చెరుపగలదని 1977లో ఆర్లీన్ బ్లమ్, బ్రూస్ ఏమ్స్ వ్రాసిరి. ఆ యేడే ఆ దుస్తులు నిషేధింపబడెను. నిప్పునుండి కాపాడవలసిన అంగీయే బిడ్డ ఒంటికి విషము పట్టించుచుండెనని తెలిసిన తల్లుల మనస్సు ఎట్లుండెనో ఊహింపవచ్చును.

మన ఇండ్లలో కట్టు నూలుచీరకు, పిల్లల నూలుచొక్కాకు సామాన్యముగ ఏ మందును ఉండదు. పటికనీటిలో ముంచి ధైర్యముగ ఉందమనుకొనుట పొరపాటు. అది మొదటి ఉతుకుతోనే పోవును. పొయ్యి దగ్గర పమిటకొంగును బిగించి దోపుకొనుట, దీపావళినాడు వ్రేలాడు బట్టలు కట్టకుండుట, బట్ట అంటుకొనినచో పరుగెత్తక నేలపై దొర్లుట, దళసరి కంబళి కప్పుట, కాలినచోట చల్లని నీరు పోయుట, ఇవి మందులకంటె ముందు రావలసినవి. పరుగెత్తినచో మంటకు గాలి అందును, దొర్లినచో అందదు. గే-లుసాక్ గాజుపొరతో చేయదలచినది కూడ ఇదియే గదా.